చెప్పి అమ్మిన చిలుకలు

జనవరి 6

రెండో జంట గుడ్లు నాలుగూ పగిలాయి. నాలుగూ బతికే ఉన్నాయి. ఒంటి మీద పసుపు నూగు తప్ప ఏమీ లేదు, కళ్ళు ఇంకా తెరవలేదు. తండ్రిది బూడిద రంగు, తల్లిది పసుపు. తల్లికి కొప్పు వెనక చొక్కా బొత్తామంత బట్టతల ఉంది. పసుపు కొప్పు చిలుకల్లో ఇది ఉన్నదే. పిల్లల్లో ఒకటి రెండింటికైనా వస్తుంది. వస్తే రానీ, కొనేవాళ్ళకి చూపించే అమ్ముతాను.

ఏ పిల్లకి ఏ లోపం ఉందో గుర్తుండడానికి ఈ పుస్తకం పెట్టుకున్నాను. ఆయన పోయాక ఇంటి గోల కూడా ఇందులోకే వచ్చి పడుతోంది.

కోడలు ఇరోదా పొద్దున మళ్ళీ మొదలుపెట్టింది. పాప సబోని బెషిక్ ఉయ్యాల్లో కట్టి పడుకోబెట్టొద్దని క్లినిక్‌లో నర్సు చెప్పిందట. 

"కాళ్ళు వదులుగా ఉండాలంట అత్తయ్యా. చాపి కట్టేస్తే మంచిది కాదంట."

"నీ మొగుణ్ణి కట్టే పెంచాను. వాడు సైన్యంలో రెండేళ్ళు కవాతు చేసి వచ్చాడు. ఆ నర్సుని ఏ ఉయ్యాల్లో పెంచారో అడుగు."

అయినా ఆ చెక్క ఉయ్యాల నేను కొన్నదా? తాష్కెంట్‌లో అందరి ఇళ్ళలోలాగే పిల్ల తల్లి తరఫు వాళ్ళే తెచ్చారు, పూలూ నెమళ్ళూ చెక్కించి మరీ. కట్టకూడదనుకుంటే వియ్యపురాలు అంత ఊరేగింపుగా ఎందుకు తెచ్చినట్టు?

జనవరి 15

మూడో పిల్ల కుడికాలు పక్కకి జారిపోతోంది. మిగతా మూడూ కాళ్ళు కిందకి ముడుచుకుని కూర్చుంటే ఇది ఈత కొడుతున్నట్టు కాలు చాపుతోంది. తప్పు నాదే. గూటిలో రంపపుపొట్టు తక్కువ వేశాను. నున్నటి చెక్క మీద కాలు నిలవదు, పైనుంచి తల్లి బరువు.

మెత్తటి బ్యాండేజీ ముక్క కత్తిరించి రెండు కాళ్ళకీ కలిపి కట్టాను. మధ్యలో వేలి మందం ఖాళీ. తర్వాత టీ తాగే గిన్నెలో గుడ్డ కుక్కి దాన్ని అందులో కూర్చోబెట్టాను. ఈ వయసులో ఎముక పిండిముద్ద, ఎటు తిప్పితే అటు. రెండు వారాలు దాటితే ఇక దేవుడు దిగొచ్చినా తిరగదు. మొక్కై వంగనిది మానై వంగునా.

ఇరోదా సబోని చంకనేసుకుని చూస్తూ నిలబడింది. "దానికి నొప్పి పుట్టదా అత్తయ్యా?"

"పుడుతుంది. బతికినన్నాళ్ళూ కుంటడం కంటే మేలు."

ముప్ఫై ఏళ్ళు కుట్టు ఫ్యాక్టరీలో కత్తిరింపు బల్ల దగ్గర నిలబడ్డాను. ఒక్క నూలుపోగు పక్కకి పోయినా నా కంటికి తెలుస్తుంది. వారం ఆలస్యమై ఉంటే ఆ పిల్ల గతి అంతే.

జనవరి 17

సబోకి నేనే స్నానం చేయించాను. ఎడమ తొడ మీద మడతలు మూడు, కుడి తొడ మీద రెండు. గుడ్డ మార్చేటప్పుడు ఎడమ కాలు కుడికాలంత తెరుచుకోవడం లేదు. పడుకున్నప్పుడు కాస్త బయటికి తిరిగి ఉంటోంది.

పిల్ల బొద్దుగా ఉంది. బొద్దు పిల్లలకి మడతలు ఎన్నైనా ఉంటాయి.

జనవరి 18

మూడు, రెండు. మళ్ళీ లెక్కపెట్టాను.

జనవరి 20

ఈరోజు మూడో నెల పరీక్ష. ఇరోదా పాపకి టోపీ పెట్టి, శాలువా చుట్టి, గుమ్మంలో బూట్లు తొడుక్కుంటోంది. ఊరంతా జలుబులూ జ్వరాలూ, క్లినిక్‌కి వెళ్తే లేని రోగం తెచ్చుకున్నట్టే అన్నాను. బయట మంచు గడ్డకట్టింది, జారి పడితే పాప ఏమవుతుందన్నాను. వచ్చే నెల వెళ్దువుగానిలే అన్నాను.

"కాళ్ళూ తుంటీ చూసే డాక్టర్ ఈ రోజే వస్తాడంట అత్తయ్యా. మళ్ళీ ఎప్పుడో."

"ఏం, నా మనవరాలి కాళ్ళకి ఏమైంది?"

టోపీ తీసేసింది.

డాక్టర్ చూస్తే కార్డు మీద రాస్తాడు. రాసింది చెరగదు. క్లినిక్‌లో కార్డులు సర్దే ఆమె మా వీధి చివర ఇంటిదే, సాయంత్రానికల్లా తందూరి దగ్గర రొట్టెలు కాల్చే ఆడవాళ్ళందరి నోళ్ళలో ఉంటుంది. ఆడపిల్ల. ఇరవై ఏళ్ళ తర్వాత సంబంధం కోసం వచ్చే ఆడవాళ్ళు రొట్టె తుంచకముందే నడక చూస్తారు. నేనూ చూశాను. ఇరోదా టీ కెటిల్ పట్టుకుని గది ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తుంటే, వాళ్ళ అమ్మ చెప్పేది ఒక్క ముక్క వినలేదు, మడమలే చూశాను.

ఏమీ లేనిదానికి ఒక పేరు పెట్టించుకోవడం ఎందుకు?

జనవరి 23

మూడో పిల్ల కట్టు విప్పాను. గిన్నెలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఒక్క క్షణం తూలింది, నిలబడింది. రెండు కాళ్ళూ ఒంటి కిందే! ఎనిమిది రోజుల్లో. చప్పట్లు కొట్టాను, పిచ్చిదానిలా.

మధ్యాహ్నం సబోని బెషిక్‌లో పడుకోబెట్టేటప్పుడు మోకాళ్ళ దగ్గర రెండో పట్టీ వేశాను. రెండు కాళ్ళూ దగ్గరికి చేర్చి, మామూలు పట్టీ కింద, కనపడకుండా. కాలు బయటికి తిరుగుతోంది కాబట్టి లోపలికి చేర్చాలి. ఇప్పుడే చేర్చాలి. ఇందులో తెలియనిది ఏముంది?

పాప ఏడవలేదు. కాసేపు మూలిగి పడుకుంది.

ఫిబ్రవరి 2

ఇరోదా అడిగింది. "రెండో పట్టీ ఎందుకత్తయ్యా?"

"చలికి."

"గది వెచ్చగానే ఉందిగా."

"నీకు వెచ్చగా ఉందేమో. పసిదానికి ఎలా ఉందో నీకు తెలుసా?"

ఇరోదా చదువుకుంది, లెక్కల టీచరు. ఎదురు చెప్పదు. ఆ చెప్పకపోవడమే నాకు ఒళ్ళు మంట.

ఫిబ్రవరి 9

నేను బజారు నుంచి వచ్చేసరికి రెండో పట్టీ విప్పి ఉంది. మళ్ళీ కట్టాను.

ఫిబ్రవరి 27

సెలూన్ నడిపే సాజిదా చిలుక కోసం వచ్చింది. నాలుగు పిల్లల్నీ బల్ల మీద వరసగా పెట్టాను. నా దగ్గర పద్ధతి ఒకటే: లోపం ముందు, బేరం తర్వాత.

"ఇదిగో, మొదటిదానికి కొప్పు వెనక బట్టతల. పెద్దయినా ఈకలు రావు. రెండోదానికి తోక ఈకల మీద గీతలు పడ్డాయి, ఒకరోజు మేత ఆలస్యమైంది. ఈకలు రాల్చినప్పుడు పోతాయి."

సాజిదా నవ్వింది. "బట్టతల చిలుకని సెలూన్‌లో వేలాడదీస్తే నా దగ్గరికి ఎవరొస్తారక్కా? దానికి రాసిన నూనే నాకూ రాశావా అంటారు!"

"అయితే మూడోది తీసుకో. దీనికి కుడికాలు పక్కకి పోయింది. కట్టి సరిచేశాను. ఇప్పుడు నీకు తెలియదు, కానీ చెప్పడం నా ధర్మం."

దాన్ని వేలి మీద ఎక్కించుకుని, అటూ ఇటూ తిప్పి, కాళ్ళు సాగదీసి చూసింది. "ఏ కాలో నువ్వే చెప్పాలి. ఇంత నిజం చెప్పి సరుకు అమ్మే మనిషిని ఈ ఊళ్ళో నేను చూడలేదు."

ఇరోదా అప్పుడే టీ తెచ్చింది. గిన్నెలు పెట్టి వెళ్ళిపోకుండా నిలబడింది. సాజిదా దాన్ని తీసుకుని వెళ్ళాక, "ఎన్నో రోజున కనిపెట్టారత్తయ్యా ఆ కాలు?" అని అడిగింది.

"తొమ్మిది పది రోజుల పిల్లప్పుడు."

"అంత చిన్నప్పుడే తెలుస్తుందా?"

"చూసే కన్ను ఉంటే తెలుస్తుంది."

మార్చి 21

నవ్‌రూజ్ పండగ. గోధుమ మొలకల పాయసం బాగా కుదిరింది. సబోకి అయిదో నెల. మడతలు చూడలేదు.

జూలై 30

ఎండలు. జంటల్ని విడదీసి పెట్టాను. సబో పాకడం లేదు, కూర్చుని పిరుదుల మీద జరుగుతోంది. నా కొడుకు మీర్‌అజీజ్ కూడా చిన్నప్పుడు అలాగే జరిగేవాడు. అలాగే జరిగేవాడనుకుంటా.

అక్టోబర్ 18

ఏడాది నిండింది. పలావు పెట్టాం. మా ఆడపడుచు సనోబర్ పాప ముందు దువ్వెన, పుస్తకం, కత్తెర పెట్టింది. పాప కత్తెర పట్టుకుంది. నానమ్మ పోలికే అని అందరూ నవ్వారు. పట్టుకుని లేవబోయి ఎడమపక్కకి పడింది. నేల మీద తివాచీ ముడత పడి ఉంది.

నవంబర్ 20

సబో నడిచింది! నాలుగు అడుగులు. ప్రతి రెండో అడుగుకీ ఎడమపక్కకి ఒరుగుతోంది.

మీర్‌అజీజ్ చూశాడు. "అమ్మా, అదేంటి అలా నడుస్తోంది?"

"కొత్త నడక అలాగే ఉంటుంది."

ఇరోదా నా వైపు చూడలేదు. పాపకి బూట్లు తొడగడం మొదలుపెట్టింది.

నవంబర్ 27

ఆసుపత్రి. ఫోటో తీశారు. ఎడమ తుంటి ఎముక అది కూర్చోవాల్సిన గిన్నెలోంచి బయటే ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆ గిన్నె లోతు తక్కువట, తర్వాత ఎముక పూర్తిగా బయటికి పోయిందట.

డాక్టరమ్మ చిన్న వయసుది, విసురుగా మాట్లాడింది. "ఆరు నెలల్లోపు తెచ్చి ఉంటే పట్టీలతో సరిపోయేది. కాళ్ళు ఎడంగా ఉంచే పట్టీలు. కప్ప కాళ్ళలా విప్పి ఉంచితే ఎముక తనంతట తనే గిన్నెలో కూర్చుంటుంది. ఇప్పుడు కోయాలి. తర్వాత నడుం నుంచి ప్లాస్టర్. మూడో నెల పరీక్షకి ఎందుకు రాలేదు?"

మీర్‌అజీజ్ ఇరోదా వైపు తిరిగాడు.

"కాళ్ళు దగ్గరికి చేర్చి కట్టేవారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"బెషిక్‌లో కట్టేవాళ్ళం," అంది ఇరోదా.

"గట్టిగానా?"

ఇరోదా నా వైపు చూసింది. నేను గోడ మీద పళ్ళు తోముకునే బొమ్మ వైపు చూశాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

విప్పి ఉంచాలట.

నవంబర్ 28

ఊరంతా కడతారు. లక్షమంది నానమ్మలు కడతారు.

నవంబర్ 29

నాకు కనిపించలేదు. స్నానం చేయించేటప్పుడు కళ్ళజోడు తీసేస్తాను, ఆవిరి పడుతుందని. కళ్ళజోడు లేకుండా తొడ మీద మడతలు ఎవరికి కనిపిస్తాయి?

డిసెంబర్ 1

కొత్త పిల్లల్లో ఒకదానికి వెనకవేలు ముందుకి తిరిగింది. పొయ్యి దగ్గర నిలబడే చూశాను. అట్టముక్క కత్తిరించి, చెప్పులా తొడిగాను.

డిసెంబర్ 4

సనోబర్ వచ్చింది. కోటు విప్పకముందే మొదలుపెట్టింది.

"నేను అప్పుడే అన్నాను వదినా. ఇరోదా మేనత్త కాలీడుస్తుందని పెళ్ళిలోనే ఎవరో చెప్పారు. వాళ్ళ నెత్తుట్లోనే ఉంది. మనవైపు ఎవరున్నారు చెప్పు, ఏడు తరాలూ నిటారుగా నడిచినవాళ్ళే."

మీర్‌అజీజ్ అక్కడే ఉన్నాడు. "పరీక్షకి కూడా తీసుకెళ్ళలేదు అత్తా. లెక్కల టీచరు! నెలలు లెక్కపెట్టడం రాలేదు."

"రేపు ఇంకో బిడ్డ పుడితే? అదీ ఇలాగే ఉంటే? ఆలోచించుకోరా."

ఇరోదా పక్క గదిలో ఉంది. తలుపు తెరిచే ఉంది.

మేనత్త మాట నేను అనలేదు. నేను అన్నానని ఎవరూ అనలేరు. కాదని కూడా అనలేదు, అంతే. టీ పోశాను.

డిసెంబర్ 9

ఆపరేషన్ అయింది. సబో రొమ్ము కింద నుంచి పాదాల దాకా ప్లాస్టర్‌లో ఉంది. కాళ్ళు రెండూ ఎడంగా, మధ్యలో కర్ర. మెలకువ రాగానే నన్ను చూసి చేతులు చాపింది. నన్నే! నేను ఎత్తుకోలేకపోయాను, బరువుకి కాదు.

డిసెంబర్ 13

మీర్‌అజీజ్ నాతో చెప్పాడు, ఇరోదాతో ఇంకా చెప్పలేదట. ప్లాస్టర్ తీసేదాకా ఉండనిస్తాడట. తర్వాత పుట్టింటికి పంపించేస్తాడు. పాప మన దగ్గరే ఉంటుంది, నువ్వున్నావుగా అమ్మా, అన్నాడు.

"తల్లి లేకుండానా?"

"ఆ తల్లి ఉండి ఏం చేసింది?"

రేపు చెప్తాను.

డిసెంబర్ 14

పాపని చూడాలని ఇంటినిండా చుట్టాలు. ఇంతమందిలో ఎలా చెప్పను?

డిసెంబర్ 16

సాజిదా ఎదురుపడింది, బజారులో. చిలుక ఈల వేస్తోందట, సెలూన్‌కి వచ్చినవాళ్ళందరికీ నా పేరు పెట్టి 'ముకర్రమ్ అక్క చిలుక' అని చెప్తోందట. "లోపం చెప్పి అమ్మే మనిషి దగ్గర కొన్నాను అంటాను అక్కా." తల ఊపి వచ్చేశాను. ముల్లంగి కొనడం మర్చిపోయాను.

డిసెంబర్ 17

చెప్పాను.

భోజనాల దగ్గర. సనోబర్ ఉంది, మీర్‌అజీజ్ ఉన్నాడు, ఇరోదా పాపకి సూప్ తాగిస్తోంది. చెంచా కింద పెట్టి చెప్పాను. జనవరిలోనే మడతలు చూశానని. పరీక్షకి వెళ్ళకుండా ఆపింది నేనని. చిలుక కాలు కట్టినట్టే మోకాళ్ళ దగ్గర రెండో పట్టీ కట్టానని, ఇరోదా విప్పితే మళ్ళీ కట్టానని.

ఇల్లు కూలుతుందనుకున్నాను. సనోబర్ లేచి వచ్చి నా తల తన గుండెకి అదుముకుంది.

"అత్తంటే నువ్వే వదినా! కోడలి పాపం నీ నెత్తిన వేసుకుంటున్నావు. విన్నావా ఇరోదా? ఇలాంటి అత్త కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి నువ్వు!"

"నేను నిజం చెప్తున్నాను సనోబర్."

"నిజమేలే, నిజమేలే. వయసులో పెద్దదానివి, తప్పు నీ మీద వేసుకుని ఇల్లు నిలబెట్టాలని చూస్తున్నావు. మా అన్నయ్య ఉంటే నిన్ను చూసి పొంగిపోయేవాడు."

మీర్‌అజీజ్ కళ్ళలో నీళ్ళు. "ఇంక చాలమ్మా. ఆమెని కాపాడాలని నువ్వు ఇంత దిగజారక్కర్లేదు." ఇరోదా వైపు తిరిగాడు. "నీ కోసం మా అమ్మ ఏం మాటలు మాట్లాడాల్సి వచ్చిందో చూడు."

ఇరోదా సూప్ చెంచా పాప నోటికి అందించింది. ఒక్క చుక్క ఒలకలేదు.

డిసెంబర్ 18

వీధంతా తెలిసింది. తందూరి దగ్గర మొదటి రొట్టె నాకే ఇచ్చారు. ఎప్పుడూ పలకరించని మూలింటి ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇలాంటి అత్తలు ఇప్పుడెక్కడున్నారు, అంది. మళ్ళీ చెప్పబోయాను, నేనే చేశానమ్మా అని. ఆవిడ ఇంకా ఏడ్చింది.

రొట్టె ఇంటికి తెచ్చి చిలుకలకి వేశాను.

డిసెంబర్ 19

సాయంత్రం ఇరోదా వంటింట్లోకి వచ్చింది. తలుపు వేసింది.

"ఇంక ఎవరికీ చెప్పకండి అత్తయ్యా."

"నీ కోసమే చెప్తున్నానమ్మా. నమ్మేదాకా చెప్తాను."

"మీరు చెప్పినకొద్దీ మీరు మంచివారవుతున్నారు. నేను చెడ్డదాన్నవుతున్నాను." గొంతు పెంచలేదు. "నాకు ముందే తెలుసు. సాజిదాగారు వచ్చిన రోజే తెలిసింది. పది రోజుల చిలుక పిల్ల కాలు చూసిన కన్ను, మూడు నెలల పిల్ల కాలు చూడలేదంటే ఎవరు నమ్ముతారు? నేను విప్పేదాన్ని, మీరు కట్టేవారు. నేను గట్టిగా అరవాల్సింది. అరవలేదు. నా తప్పు అది. దానికి నేను ఏడుస్తాను. మీదానికి నేను ఏడవను."

"ఏం చెయ్యమంటావు?"

"నాకేం తెలుసు? చిలుకలకైతే ఏం చేసేవారు?"

వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు పొంగాయి. తుడుస్తూ చాలాసేపు అక్కడే ఉన్నాను.

డిసెంబర్ 20

పొద్దున్నే లేచి ఈ పుస్తకం మొదటి నుంచీ చదివాను. జనవరి పదిహేడు ఉంది, పద్దెనిమిది ఉంది. ఇరవై ఉంది, కార్డు సంగతీ తందూరి దగ్గరి ఆడవాళ్ళ సంగతీ నా చేత్తో రాసి ఉంది. ఇరవైమూడు ఉంది. చప్పట్లు కొట్టిన రోజు. నవంబర్‌లో కళ్ళజోడు గురించి రాసిన అబద్ధం కూడా ఉంది. అది చింపేద్దామని పేజీ పట్టుకున్నాను. చింపితే మిగతాది కూడా నమ్మరు. వదిలేశాను.

నోటితో చెప్తే త్యాగం అంటున్నారు. దీన్ని ఏమంటారో చూస్తాను. ఆ రోజు తారీకు వేసి రాసినదాన్ని, ఇరోదా మీద ఎవరైనా వేలెత్తడానికి పదినెలల ముందు రాసినదాన్ని, కోడలి మీద ప్రేమతో రాశానని మీర్‌అజీజ్ అనలేడు. వాడికి నేను తల్లిని కాకుండా పోవచ్చు. పోతే పోతాను. ఆ పిల్ల తల్లి ఈ ఇంట్లోనే ఉండాలి.

ఇరోదాకి చెప్పలేదు. చెప్తే వద్దంటుందో, సరే అంటుందో, రెండూ నేను భరించలేను.

వాడు గడ్డం గీసుకుంటున్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. బయటికి రాగానే, టీ పోయకముందే, ఈ పుస్తకం వాడి చేతిలో పెడతాను. నేను నిలబడి ఉండగానే చదవమంటాను. ఇక ఇందులో ఏమీ రాయను. వాడు చదువుతాడని తెలిసి రాస్తే మళ్ళీ నన్ను నేను మంచిదాన్ని చేసుకుంటాను.